మూసింది ప్రభుత్వమే, డబ్బు మాత్రం సభ్యుడిదే

2020 మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రకటించారు. మూడో విడత సడలింపుల్లో కేంద్ర హోంశాఖ అనుమతి ఇచ్చేదాకా, అంటే ఆగస్టు 5 దాకా, జిమ్‌లు తెరవడానికి వీల్లేకపోయింది. మహారాష్ట్రలో ఆ అనుమతి దసరా రోజున, అక్టోబరు 25న గానీ రాలేదు. మరుసటి ఏడాది రెండో వేవ్‌లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అవి మళ్లీ మూతపడ్డాయి. ఏడాది ఫీజు ఒకేసారి కట్టించుకోవడం జిమ్ వ్యాపారంలో మామూలు పద్ధతి కాబట్టి, తలుపు తెరవని నెలలకు కూడా డబ్బు అప్పటికే యజమాని చేతికి వెళ్లిపోయింది. దాన్ని తిరిగి అడిగినవాళ్లకు దొరికిన జవాబు దాదాపు అన్నిచోట్లా ఒకటే. మూయమన్నది ప్రభుత్వం, మా తప్పేముంది, డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చివ్వాలి, కావాలంటే గడువు పొడిగిస్తాం అన్నారు. ఇది యజమానుల మాటగానే మిగిలిపోయి ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు. సభ్యులు కూడా దీన్ని న్యాయంగానే ఒప్పుకున్నారు. అడిగినవాణ్ణి తోటి సభ్యులే పిసినారిలా చూశారు. కష్టకాలంలో తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ కొంత భరించాలన్నది లోకం తీర్పయింది. ఆ తీర్పు తప్పు. చట్టం ప్రకారమూ తప్పే, ధర్మం ప్రకారమూ తప్పే.

పొరపాటు మొదటి అడుగులోనే జరిగింది. రీఫండ్ అడగడమంటే యజమానిని దోషిగా నిలబెట్టడమని ఈ వాదన అనుకుంటోంది. తప్పు చేయనివాడికి శిక్షేమిటన్న ప్రశ్న అక్కడి నుంచే పుడుతోంది. కానీ నష్టపరిహారం వేరు, రీఫండ్ వేరు. జిమ్ మూతపడటం వల్ల నా ఆరోగ్యం చెడింది, బరువు పెరిగాను, దానికి ఇంత చెల్లించు అని సభ్యుడు అడిగితే అది నష్టపరిహారం. అక్కడ యజమాని తప్పు చూపించాల్సిందే, లాక్‌డౌన్‌లో అది చూపించడం సాధ్యం కాదు కూడా. రీఫండ్ అడిగేవాడు అలాంటిదేమీ అడగడం లేదు. ఇవ్వని సేవకు తీసుకున్న ధరను వెనక్కి ఇమ్మంటున్నాడు, అంతే. ఈ తేడాను మన భారత ఒప్పందాల చట్టం 1872లోనే స్పష్టంగా గుర్తించింది. ఒప్పందం చెల్లుబాటు కోల్పోయినప్పుడు దాని కింద ఏ ప్రయోజనం పొందినవారైనా దాన్ని తిరిగి ఇవ్వాలని, లేదా దానికి సరిపడా చెల్లించాలని 65వ సెక్షన్ చెబుతుంది. దాని కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ మన విషయానికి అతికినట్టు సరిపోతుంది. ఒక గాయకుడు కచేరీకి వెయ్యి రూపాయలు ముందే తీసుకున్నాడు, జబ్బుపడి పాడలేకపోయాడు. కచేరీ జరిగి ఉంటే నిర్వాహకుడికి వచ్చే లాభాన్ని అతను భర్తీ చేయనక్కర్లేదు. తీసుకున్న వెయ్యి మాత్రం తిరిగి ఇవ్వాలి. జబ్బుపడటం గాయకుడి తప్పు కాదని చట్టానికి తెలుసు. అందుకే లాభం సంగతి వదిలేసింది. అయినా పాడని కచేరీ డబ్బు అతని దగ్గర ఉండటానికి ఒప్పుకోలేదు.

నష్టం ఎవరి మీద పడితే వాళ్లే భరించాలి అన్న సూత్రం ఒకప్పుడు ఇంగ్లండులో నిజంగానే ఉండేది. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం ఆయన జబ్బు వల్ల వాయిదా పడింది. ఊరేగింపు చూడటానికి కిటికీ గదులను అద్దెకు తీసుకుని ముందుగా డబ్బు కట్టినవాళ్లకు అది తిరిగి రాదని 1904లో అక్కడి కోర్టు తేల్చింది. ఆ తీర్పు న్యాయంగా లేదన్న విమర్శ దాదాపు నాలుగు దశాబ్దాలు సాగింది. చివరికి 1942లో, యుద్ధం వల్ల యంత్రాలు అందని ఒక పోలెండ్ కంపెనీ కేసులో ప్రభువుల సభ దాన్ని కొట్టేసింది. అడ్వాన్సుగా ఇచ్చిన డబ్బు తిరిగి ఇవ్వాల్సిందేనంది. మరుసటి ఏడాది పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది. యుద్ధం తెచ్చింది యంత్రాల కంపెనీ కాదు, రాజుగారికి జబ్బు చేయించింది గది యజమానీ కాదు. ఇంగ్లండు ఇంత ఆలస్యంగా వదిలించుకున్న సూత్రాన్ని మన చట్టం 1872 నాటికే పక్కన పెట్టింది. మన జిమ్‌ల కౌంటర్ల దగ్గర 2020లో వినిపించిన మాట మాత్రం ఆ 1904 నాటిదే.

దీనికి చట్టం తెలిసినవాళ్లు వేసే ప్రశ్న ఒకటుంది, అది గట్టిదే. తాత్కాలిక ఆటంకం ఒప్పందాన్ని రద్దు చేయదు కదా, ఒప్పందం బతికే ఉన్నప్పుడు 65వ సెక్షన్ ఎలా వర్తిస్తుందని అడుగుతారు. సత్యబ్రత ఘోష్ కేసులో సుప్రీంకోర్టు 1953లో ఇచ్చిన తీర్పును చూపిస్తారు. కలకత్తాలో ఒక కంపెనీ ఇళ్ల స్థలాలు అభివృద్ధి చేసి ఇస్తానని ఒప్పుకుంది. యుద్ధకాలంలో ప్రభుత్వం ఆ భూమిని సైనిక అవసరాలకు తీసుకుంది. ఒప్పందం అసాధ్యమైపోయిందన్న కంపెనీ వాదనను కోర్టు అంగీకరించలేదు. ఎందుకు అంగీకరించలేదో చూడాలి. ఆ ఒప్పందంలో పని పూర్తి చేయడానికి కాలపరిమితి ఏదీ పెట్టుకోలేదు. యుద్ధం ముగిశాక రోడ్డు వేసినా అది అదే రోడ్డు, స్థలం అదే స్థలం. ఆలస్యమైందే తప్ప కొన్నవాడికి దక్కాల్సిందేదీ పోలేదు. జిమ్ మెంబర్‌షిప్‌లో అమ్మేదే కాలం. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వచ్చి వ్యాయామం చేసుకునే వీలు, అంతకుమించి అందులో ఇంకేమీ లేదు. ఏప్రిల్ నెలలో వ్యాయామం ఏప్రిల్‌లోనే జరగాలి. అది గడిచాక ఆ ముక్క శాశ్వతంగా అసాధ్యమైపోయినట్టే, మిగతా ఒప్పందం నిలిచినా సరే. ముక్కలుగా లెక్కగట్టడం చట్టానికి కొత్త కాదు. అదే 65వ సెక్షన్‌లో ఇంకో ఉదాహరణ ఉంది. వారానికి రెండు రాత్రులు పాడతానని ఒప్పుకున్న గాయని ఐదు రాత్రులు పాడి ఆరో రాత్రి కావాలని మానేస్తే, థియేటర్ మేనేజర్ ఆ ఐదు రాత్రులకూ డబ్బు ఇవ్వాల్సిందే. రాత్రికింత అని ఒప్పందాన్ని విడదీసి పాడినవాటికి ఇప్పించిన చట్టం, పాడనివాటి సొమ్ము దగ్గర పెట్టుకోమని చెబుతుందా?

ఇక గడువు పొడిగింపు. న్యాయంగా కనిపించే జవాబు ఇదే కాబట్టి దీని మీద కొంచెంసేపు ఆగాలి. నాలుగు నెలలు పోయాయి, నాలుగు నెలలు ఇస్తున్నాం, లెక్క సరిపోయింది అంటారు. ఇచ్చేవాడి వైపు నుంచి చూస్తేనే ఈ లెక్క సరిపోతుంది. 2020 వేసవిలో మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్ పట్టుకుని గుంటూరుకో విజయనగరానికో వెళ్లిపోయి అక్కడి నుంచే పనిచేశారు. వాళ్లకు హైదరాబాద్ జిమ్‌లో నాలుగు నెలల పొడిగింపు ఏ విలువా లేని కాగితం. ఉద్యోగం పోయినవాడికి కావాల్సింది నెలలు కాదు, డబ్బు. మరీ ముఖ్యమైన సంగతి, కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఆగస్టు 3న జిమ్‌లకు ఇచ్చిన మార్గదర్శకాలే 65 ఏళ్లు దాటినవాళ్లు, ఇతర జబ్బులున్నవాళ్లు, గర్భిణులు మూసి ఉన్న గదుల్లోని జిమ్‌లకు వెళ్లవద్దని సలహా ఇచ్చాయి. మనిషికి నాలుగు చదరపు మీటర్ల చోటు ఉండాలన్నాయి. ఆవిరి స్నానాలు, ఈత కొలనులు మూసే ఉంచాలన్నాయి. డాక్టరు చెబితే షుగర్ అదుపు కోసం జిమ్‌లో చేరిన మనిషి ఆ సలహాను పాటించాలా, పొడిగింపును వాడుకోవాలా? ఈత కొలను చూసి ఎక్కువ ఫీజు కట్టినవాడికి తెరిచాక దొరికినది అతను కొన్నదేనా? ఇక పొడిగించిన నెలలు 2021 వేసవిలోకి వచ్చిపడినవాళ్లకు ఆ నెలలూ రెండో వేవ్ మూతలో కలిసిపోయాయి. కొన్ని జిమ్‌లు మళ్లీ తెరవనేలేదు, వాటి పొడిగింపు ఎవరి దగ్గర వాడుకోవాలి? పొడిగింపు అంటే ఆ వ్యాపారం నిలబడుతుందో లేదోనన్న జూదంలో సభ్యుడి డబ్బును అతన్ని అడగకుండానే పందెం కాయడం.

ఈ ప్రశ్నను నేరుగా విచారించిన దేశం జర్మనీ. నెలకు 29.90 యూరోలు కట్టే ఒక సభ్యుడు 2020 మార్చి 16 నుంచి జూన్ 4 దాకా జిమ్ మూసిన కాలానికి డబ్బు తిరిగి అడిగాడు. జిమ్ ఆ కాలాన్ని తర్వాత వాడుకోమంది. కేవలం 86.75 యూరోల ఈ తగాదా అక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2022 మే 4న ఆ న్యాయస్థానం సభ్యుడి పక్షాన తీర్పు చెప్పింది. క్రమం తప్పని వ్యాయామమే ఈ ఒప్పందం ఉద్దేశమని, గడిచిపోయిన కాలాన్ని తర్వాత తెచ్చి కలపడం కుదరదని, కాబట్టి ఆ కాలానికి సేవ అసాధ్యమైందని, ఫీజు వెనక్కి ఇవ్వాలని చెప్పింది. ఒప్పందం గడువును పొడిగించే హక్కు జిమ్‌కు లేదంది. ఇందులో మనం గమనించాల్సిన ఇంకో విషయముంది. అలాంటి సంస్థలు నగదుకు బదులు వోచర్ ఇవ్వడానికి జర్మనీ ప్రత్యేకంగా చట్టం చేసింది. 2021 చివరికల్లా వాడకపోతే ఆ వోచర్‌కు కూడా నగదు ఇవ్వాలని అందులోనే రాసింది. అంటే నగదు తప్పించుకోవడానికి పార్లమెంటు అనుమతి కావలసి వచ్చింది, అదీ గడువు పెట్టి. మన పార్లమెంటు జిమ్‌లకు అలాంటి వెసులుబాటు ఏదీ ఇవ్వలేదు. ఇక్కడ పొడిగింపు పూర్తిగా యజమాని ఇష్టం మీద పుట్టిన ఏర్పాటు. సభ్యుడు సంతోషంగా ఒప్పుకుంటే అది మంచి పరిష్కారమే. ఒప్పుకోనివాడి మీద రుద్దే అధికారం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మనసును నిజంగా కదిలించే అభ్యంతరం యజమాని కష్టం గురించినది. భవనం అద్దె ఆగలేదు, ట్రెడ్‌మిల్లుల మీద తీసుకున్న అప్పు ఆగలేదు, ట్రైనర్లకు జీతం ఇవ్వాలి, మొత్తం డబ్బు వెనక్కిస్తే చిన్న జిమ్‌లు మూతపడేవి అంటారు. ఈ కష్టం నిజం. దీన్ని తేలిగ్గా తీసిపారేయను. అయితే ఆ కాలంలో మిగతావాళ్లు యజమానితో ఎలా నడుచుకున్నారో చూడండి. రిజర్వు బ్యాంకు వాయిదాలకు ఆగస్టు 31 దాకా మారటోరియం ఇచ్చింది, కానీ బ్యాంకులు ఆ నెలలకు వడ్డీ వదులుకోలేదు. అద్దె విషయానికొస్తే, ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణం కేసులో 2020 మే 21న ఢిల్లీ హైకోర్టు అద్దె మాఫీకి ఒప్పుకోలేదు. దుకాణం అద్దెదారు స్వాధీనంలోనే ఉంది కాబట్టి అద్దె కట్టాలని, కట్టడానికి కాస్త వ్యవధి మాత్రం ఇస్తామని చెప్పింది. ఈ తీర్పును యజమానులు తమ కష్టానికి సాక్ష్యంగా చూపిస్తారు, నేను సభ్యుల హక్కుకు సాక్ష్యంగా చూపిస్తాను. అద్దెదారు కట్టాల్సి వచ్చింది చోటు అతని చేతిలో ఉన్నందుకు. లాక్‌డౌన్‌లో జిమ్ సభ్యుడి చేతిలో ఏముంది? బ్యాంకు వడ్డీతో సహా రాబట్టుకుంది, భవన యజమాని అద్దె రాబట్టుకున్నాడు, వడ్డీ లేకుండా, హామీ లేకుండా, అడగకుండా అప్పు ఇచ్చినవాడు సభ్యుడొక్కడే. తలా పిడికెడు అన్న మాట ఇక్కడ నిలవదు. ట్రైనర్ల జీతాల మాట కూడా అంతే. జీతం ఇచ్చిన యజమానిని గౌరవించాలి, కానీ ఆ బాధ్యత యజమానిది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం ఉదారత అనిపించుకోదు. పైగా ఉద్యోగం పోయిన సభ్యుడు తన మూడు వేలు, ఐదు వేలు అడిగినప్పుడు అతని ఇంటి అద్దె ఎవరికీ గుర్తు రాలేదు.

కష్టంలో ఉన్న వ్యాపారానికి సాయం ఎలా చేయాలో సుప్రీంకోర్టే ఒక దారి చూపించింది. జిమ్‌లకన్నా ఎంతో పెద్ద నష్టాల్లో ఉన్న విమానయాన సంస్థల విషయంలో 2020 అక్టోబరు 1న తీర్పు ఇచ్చింది. లాక్‌డౌన్ కాలంలో, ఆ రోజుల ప్రయాణానికే కొన్న టికెట్లకు పూర్తి డబ్బు ఇవ్వాలి. అంతకుముందు కొన్నవాటికి, వెంటనే చెల్లించలేని సంస్థ 2021 మార్చి 31 దాకా వాడుకోగల జమ, అంటే క్రెడిట్ షెల్ ఇవ్వవచ్చు. కానీ దాని విలువ నెలకు మొదట అర శాతం, తర్వాత ముప్పావు శాతం చొప్పున పెరగాలి, ప్రయాణికుడు దాన్ని వేరొకరికి బదిలీ చేసుకోవచ్చు, గడువులోగా వాడకపోతే నగదు ముట్టజెప్పాలి. ప్రైవేటు పాఠశాలల ఫీజులపై 2021 మే 3 నాటి తీర్పులోనూ, విద్యార్థులు వాడుకోని సౌకర్యాలకు వార్షిక ఫీజులో 15 శాతం తగ్గించమంది. వాడని సౌకర్యానికి ఫీజు పట్టుబట్టి వసూలు చేయడం లాభార్జన అవుతుందని చెప్పింది. పాఠశాలలు ఆన్‌లైన్‌లోనైనా పాఠాలు చెప్పాయి, మూసిన జిమ్ అదీ ఇవ్వలేదు. ఆన్‌లైన్ క్లాసులు నడిపిన జిమ్‌లు కొన్ని ఉన్నాయి. వాటికి ఇష్టపడి హాజరైనవాళ్ల నుంచి దానికి తగిన మొత్తం మినహాయించుకోవచ్చు. ఈ తీర్పులన్నీ ఒక సంగతి చెబుతున్నాయి. వ్యాపారి ఇబ్బంది చెల్లింపుకు వ్యవధి తెచ్చిపెట్టగలదు, వాయిదాలు తెచ్చిపెట్టగలదు, ఆ బాకీని మాత్రం చెరపలేదు. జిమ్‌లు ఆరు వాయిదాల్లో ఇస్తామని అని ఉంటే ఏ సభ్యుడికీ ఫిర్యాదు ఉండేది కాదు. ఇవ్వనే ఇవ్వమన్నారు, అక్కడే అన్యాయం జరిగింది.

దరఖాస్తు వెనక చిన్న అక్షరాల్లో అచ్చువేసే 'కట్టిన ఫీజు ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదు' అన్న వాక్యం మీద ఆధారపడేవాళ్లకు జవాబు క్లుప్తంగానే చాలు. సభ్యుడు మనసు మార్చుకుని మానేస్తే ఆ వాక్యానికి కొంత అర్థం ఉంటుంది. జిమ్మే సేవ ఇవ్వలేని రోజులకు దాన్ని సాగదీయడం కుదరదు. ఒక పక్షమే రాసి, రెండో పక్షానికి సంతకం తప్ప దారి లేకుండా చేసిన ఏకపక్ష షరతులు అనుచిత వ్యాపార విధానమని 2019లో పయనీర్ అర్బన్ ల్యాండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాన్ని విడిగా నిర్వచించి, అలాంటి షరతు చెల్లదని ప్రకటించే అధికారాన్ని రాష్ట్ర కమిషన్లకు ఇచ్చింది. లోపమున్న సేవకు తీసుకున్న డబ్బును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో తిరిగి ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార విధానాల్లో చేర్చింది. మూయడం యజమాని లోపం కాకపోవచ్చు. మూసిన రోజుల సొమ్ము ఇవ్వననడం ఆయన సొంత నిర్ణయం, దాన్ని ఏ ప్రభుత్వమూ ఆయన చేత చేయించలేదు. జీఎస్టీ కట్టేశాం కాబట్టి ఇవ్వలేం అన్న సాకు కూడా వినిపించింది. అప్పట్లో జిమ్ ఫీజు మీద 18 శాతం పన్ను ఉన్న మాట నిజమే. కానీ సేవలో లోపం ఉన్నప్పుడు క్రెడిట్ నోటు ఇచ్చి ఆ పన్ను బాధ్యత తగ్గించుకునే వీలు జీఎస్టీ చట్టంలోనే ఉంది.

ఇంత చిన్న మొత్తానికి ఇంత రభస ఎందుకనేవాళ్లు ఒక లెక్క చూడాలి. 2020 జనవరి 1 నుంచి ఏడాదికి 18,000 రూపాయలు కట్టిన సభ్యుణ్ణి ఊహించుకోండి. మార్చి 25 నుంచి ఆగస్టు 4 దాకా 133 రోజులు. ఆ లీపు సంవత్సరపు 366 రోజుల్లో ఈ వాటా దాదాపు 6,541 రూపాయలు, కట్టినదాంట్లో మూడో వంతు కన్నా ఎక్కువ. ఒక్కొక్కరికి ఇది కోర్టుకు వెళ్లేంత పెద్ద మొత్తంగా కనిపించదు, అందుకే ఎక్కువమంది అడగలేదు. మూడు వందల మంది సభ్యులున్న జిమ్‌లో అందరివీ కలిస్తే మాత్రం అది 19 లక్షలు దాటుతుంది. చిన్న మొత్తమని సభ్యుణ్ణి నోరు మూయించే వాదన, పెద్ద మొత్తమని యజమానిని కాపాడే వాదన ఒకే నోట ఎలా వస్తాయి?

2020 నాటి చాలా ఫిర్యాదులకు రెండేళ్ల కాలపరిమితి, కోవిడ్ కారణంగా సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపు కలుపుకున్నా, ఇప్పటికి ముగిసిపోయింది. మూతలు మాత్రం ముగియలేదు. వరద నీరు సెల్లార్‌లోకి వచ్చినా, అగ్నిమాపక అనుమతి లేదని భవనానికి సీలు వేసినా ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది. సీలు పడింది యజమాని నిర్లక్ష్యం వల్లనైతే రీఫండుతో పాటు నష్టపరిహారం కూడా అడగవచ్చు. 2022 జులైలో హోటళ్ల సర్వీస్ ఛార్జీపై మార్గదర్శకాలు ఇచ్చిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ముందుగా ఫీజు తీసుకునే జిమ్‌లు, కోచింగ్ సెంటర్లు, ఈత కొలనుల విషయంలోనూ ఆ పని చేయాలి. బలవంతపు మూత వస్తే రోజుల లెక్కన డబ్బు వెనక్కి ఇవ్వడమే నియమమని, పొడిగింపు సభ్యుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చెల్లుతుందని తేల్చాలి. అప్పటిదాకా పాఠకులు చేయగలిగింది ఉంది. చేరేటప్పుడే ఆ షరతు దరఖాస్తు మీద రాయించుకోండి, రసీదు దాచుకోండి. జిమ్ మూతపడితే రోజులు లెక్కగట్టి, 30 రోజుల గడువు పెట్టి, డబ్బు వెనక్కి ఇమ్మని ఉత్తరం రాయండి. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయండి. అయిదు లక్షల రూపాయల దాకా చెల్లింపులున్న ఫిర్యాదుకు అక్కడ ఫీజు కట్టనక్కర్లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు.